నీళ్లు రుచి చూసే తూనీగలు

మెదక్‌లో మా ఇంటి పైకప్పు మారుస్తున్నారని తెలిసి నేను వెళ్లింది పాత దూలాలను చివరిసారి చూసుకుందామని కాదు, పద్మ చేతి చేపల పులుసు తిందామని. నిజం ముందే చెప్పేస్తే తర్వాత ఇబ్బంది ఉండదు. పద్మ మా తమ్ముడు సత్తయ్య భార్య. నేను బస్సు దిగి ఇంట్లోకొచ్చి సంచి ఇంకా కింద పెట్టకముందే ఆమె తుప్పుపట్టిన జర్దా డబ్బా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. పెంకులు దించుతుంటే దూలానికీ గోడకూ మధ్య సందులో దొరికిందట.

"జూడుండ్రి వదినా, గిండ్ల ఏందో ఎండిన పురుగులున్నయ్. పారేస్తనంటే మీ తమ్ముడు వద్దన్నడు. తాత డబ్బా, అక్కొచ్చినంక సూపియ్యి అన్నడు."

గరిటె కాడతో మూత లేపాను. లోపల గోధుమరంగు గుల్లలు, ఒక్కొక్కటి వేలి కణుపంత ఉన్నాయి. ఆరు కాళ్లు, పెద్ద కళ్లు, అన్నీ ఉన్నాయి కానీ లోపల జీవి లేదు. ప్రతి గుల్లకూ వీపు మీద చీలిక ఉంది, ఆ చీలికలోంచి తెల్లని దారపు పోగులు బయటికొచ్చాయి. ఊదితే ఎగిరిపోయేంత తేలిక. అవేమిటో నాకు చూడగానే తెలిసింది. వాటిలో ఒకటి తాతకు నేను ఇచ్చిందే. మిగతావన్నీ ఎక్కడివో మాత్రం అర్థం కాలేదు. చేతిలో డబ్బా పట్టుకుని నిలబడి ఉండగానే సత్తయ్య వచ్చాడు. వాడి చేతిలో కూడా ఒకటి ఉంది. పురుగుల మందు సీసా. రామాయంపేట పోయి తెచ్చాడట.

"కుంటల పురుగు మస్తు పట్టిందక్కా. ఎల్లుండి చేపపిల్లలొస్తున్నయ్. రేపు పొద్దుగాల జరంత మందు పోస్తే సాఫైతది. పోయినేడు సగం పిల్లల్ని గా నీటితేళ్లే మింగినయ్."

నేను సీసా వంక చూశాను, డబ్బా వంక చూశాను. నోట్లో ఊరిన పులుసు నీళ్లు ఎండిపోయాయి. మా ఇంట్లో ఈ మాట ఇంతకుముందు ఒకసారి విన్నాను. అప్పుడు అన్నది మా తాత. సత్తయ్య చడ్డీ జారకుండా ఒక చేత్తో పట్టుకుని తిరిగే వయసులో ఉన్నాడు కాబట్టి వాడికి గుర్తుండదు.

మాది చేపలు పట్టేవాళ్ల ఇల్లు. ఊరి చివర తుంగకుంట అని ఒకటుంది, మా ఇంటి వెనక గడప దాటితే దాని గట్టే. మా ఇంట్లో వాసనలన్నీ ఆ కుంటవే. తాత వలలు తుమ్మచెక్క కషాయంలో ఉడకబెట్టి ఆరేసేవాడు, వాకిలంతా ఆ వగరు వాసన. పొయ్యి మీద చింతపండు పులుసు, చూరు కింద ఎండు చేపలు, తడి నూలుదారం, అవ్వ నమిలే జర్దా. బడిలో పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేది. నాకేమో ఆ పిల్ల ఇంట్లో ఏ వాసనా రాకపోవడమే జబ్బులా అనిపించేది. పొద్దున చర్చి గంట వినపడేసరికి అవ్వ వాకిలి చల్లి ఉండేది, తాత గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించి ఉండేవాడు. ఆ బీడీ సరదాకు కాదు. అది ఆయన గడియారం, ఆయన కొలబద్ద, ఆయన అదాలత్.

కుంటకు ఒక మూల తాత చిన్న మడుగు కట్టుకున్నాడు. వానాకాలం మొదట్లో పాపన్నపేట వైపు మంజీర ఒడ్డుకు పోయి, చీమకన్నా కాస్త పెద్దవైన చేపపిల్లలను కుండల్లో తెచ్చి మొదట అందులో వదిలేవాడు. వేలెడంత అయ్యాక పెద్ద కుంటలోకి. అయితే వదిలే ముందు నీళ్లు మంచివో కావో తేలాలి. దానికి తాత తన నాలుకను నమ్మేవాడు కాదు. తూనీగను నమ్మేవాడు. "తూనీగ తోకతోని నీళ్లు రుచి జూస్తది బిడ్డా. మంచిగుంటే మల్లమల్ల ముంచుతది. ఖరాబుంటే మొకం తిప్పుకొని పోతది" అనేవాడు. బీడీ ఆరిపోయేలోపు తూనీగలు వచ్చి నాలుగైదుసార్లు తోక ముంచితే నీళ్లు పాసయినట్టు. అవ్వకు ఇదంతా వేళాకోళం. పళ్లెంలో అన్నం పెడుతూ రోజూ అడిగేది, "ఏమంటుండ్రు నీ తూనీగలు? నీళ్లల్ల ఉప్పు సరిపోయిందట్నా?" తాత ఏమాత్రం నవ్వకుండా, "జర తక్కువైందట, నీ పులుసుల లెక్కనే" అనేవాడు. ఆ తర్వాత పులుసు గిన్నె ఆయనకు అందనంత దూరం జరిగేది.

తాతకు శత్రువులు కూడా మడుగులోనే ఉండేవి. బురదరంగు పురుగులు, వాటిని ఆయన నీటితేళ్లనేవాడు. చేపపిల్ల పక్క నుంచి పోతే చాలు, కింది పెదవి మడిచిన చెయ్యిలాగ ముందుకు విసిరి పట్టుకుని నమిలేసేవి. అందుకని పిల్లలను తేవడానికి ముందు తాత సన్నకన్ను వలతో మడుగంతా గాలించి వాటిని బుట్టకెత్తేవాడు. ఆ బుట్టను కోళ్లకు వేయడం నా పని. కోళ్లకు ఆ రోజు పండుగ. ఆ ఏడు బుట్టలో అడుగున ఒకటి మిగిలింది. పుంజు వచ్చినా పరుగెత్తకుండా నా వైపు తిరిగి నిలబడింది. భయంలేనిదని నాకు గౌరవం కలిగింది. ఇప్పుడు ఆలోచిస్తే పాపం నీళ్లు లేక కదల్లేకపోయిందంతే. హనీఫ్ భాయ్ కిరాణాలో అడిగి తెచ్చుకున్న గాజు చాక్లెట్ సీసాలో నీళ్లు పోసి, చీపురుపుల్ల ఒకటి నిలబెట్టి, దాన్ని అందులో వదిలాను. పెరట్లో నీళ్ల గోలెం వెనక దాచాను. గోలెంలోని దోమపిల్లలే దానికి మేత. ఎన్ని వేసినా చాలేవి కావు. శత్రువును ఇంట్లో పెట్టి మేపుతున్నానని తాతకు తెలిస్తే వీపు విమానం మోత మోగేది.

ఆ ఏడే ఇంకొకటి జరిగింది. పొలం ఉన్న ఒక పెద్దమనిషి తాతకు అరసీసా మందిచ్చాడు. వరికి కొట్టగా మిగిలిందట. "గంట గంట వలతోని గాలించుడేంది మల్లయ్యా, రెండు మూతలు పొయ్యి, ఖతం" అన్నాడట. తాత పోశాడు. మర్నాటికి మడుగు మీద తేలని పురుగు లేదు. నీళ్లు అద్దంలా అయ్యాయి, అడుగున గవ్వ కనపడింది. తాత అందరినీ గట్టు మీదికి పిలిచి మరీ చూపించాడు, కొత్తింటికి సున్నం వేసినవాడిలా. కొన్ని రోజులు ఆగి, పాపన్నపేట పోయి పిల్లలను తెచ్చాడు. ఎప్పటిలాగే గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

తూనీగ రాలేదు. బీడీ ఆరిపోయింది. రెండోది ముట్టించాడు. ఎర్రదొకటి వచ్చి మడుగు మీద ఒక్క చుట్టు తిరిగి, తోకైనా ముంచకుండా పెద్ద కుంట వైపు పోయింది. మూడో బీడీ కూడా అయిపోయాక తాత కుండలు ఎత్తుకుని ఇంటికొచ్చేశాడు. ఆయన చట్టం ఆయనదే, దాని ప్రకారం ఆ నీళ్లు పనికిరావు. చూస్తే అద్దంలాంటి నీళ్లు! "కనపడ్తలేదా, మంచిగనే ఉన్నయ్ గద" అంటుంది అవ్వ. "రుచి జూసినోళ్లు లేరు" అంటాడు తాత. కుండల్లో పిల్లలు గాలి చాలక నోళ్లు తెరిచాయి. అందుకని ఇంట్లో ఉన్న గంజులు, బిందెలు, బకెట్లు, ఆఖరికి పిండి కలిపే తాంబాళం కూడా నీళ్లతో నిండి చేపపిల్లల పాలయ్యాయి. చాలక హనీఫ్ భాయ్ ఇంటి నుంచి దావత్ గిన్నెలు వచ్చాయి. ఇంట్లో అందరం వంతులవారీగా కూర్చుని చేత్తో నీళ్లు కలుపుతూ ఉండాలి, చెయ్యి ఆగితే పిల్లలు తేలేవి.

"అన్నం దేంట్ల వండాలె? నీ నెత్తి మీదనా?" అని అవ్వ.

హనీఫ్ భాయ్ భార్యను మేం ఖాలా అనేవాళ్లం. ఆమె తలుపు దగ్గర నిలబడి నవ్వు ఆపుకోలేక, "మామా, మా దావత్ గిన్నెలు చేపలు వండనీకె ఇస్తరని విన్న గానీ, చేపలకు కిరాయికిచ్చుడు నీ దగ్గరనే సూసిన" అంది. ఆ రెండు రోజులూ మాకు అన్నం ఖాలా ఇంట్లోనే. ఆమె ఖట్టా దాల్ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. మాకు పిల్లలకు అంతా తమాషా. కానీ తాత ముఖం చూస్తే తమాషా అనిపించలేదు. ఆ చేపపిల్లలు చస్తే ఏడాదంతా కుంటలో వల వేయడానికి ఏమీ ఉండదని ఇంట్లో అందరికీ తెలుసు.

మూడో రోజు తెల్లవారుజామున నా సీసా చూద్దామని గోలెం వెనక్కి పోయాను. నీటితేలు నీళ్లలో లేదు. చీపురుపుల్ల ఎక్కి పట్టుకుని ఉంది. చచ్చిందనుకున్నాను. అంతలో దాని వీపు చిట్లింది. లోపలి నుంచి పాలిపోయిన మెత్తని తల ఒకటి, రెండు పెద్ద కళ్లు, తర్వాత నడుము, నలిగిన కాగితపు ఉండల్లాంటివి నాలుగు. వెనక్కి వాలి వేలాడింది, చాలాసేపు అలాగే ఉండి, ఒక్కసారిగా లేచి తన పాత చర్మాన్ని పట్టుకుని తోక లాక్కుంది. ఆ ఉండలు మెల్లగా విప్పుకుంటే రెక్కలయ్యాయి. దెబ్బలు పడతాయన్న సంగతి కూడా మరిచిపోయి, "తాతా!" అని అరిచాను.

తాత వచ్చి సీసా ముందు గొంతుక్కూచున్నాడు. చెవి సందున ఉన్న బీడీ తీశాడు, ముట్టించలేదు.

"గిదెక్కడిదే?"

"నీటితేలు తాతా. బుట్టల మిగిల్తే దాసిన."

"నీటితేలేంది, గిది తూనీగ గద."

"రెండొక్కటే తాతా. నీటితేల్లకెల్లి గిదే వచ్చింది. నేను సూసిన."

ఆయన ఒకసారి పుల్ల మీది ఖాళీ గుల్లను చూశాడు, ఒకసారి దాన్ని పట్టుకుని ఆరుతున్న తూనీగను చూశాడు. ఎంతసేపు చూశాడో! ఎండ పడి రెక్కలు మెరిసేదాకా చూశాడు. తూనీగ మా తలల మీదుగా ఎగిరిపోయింది. అప్పుడు మా తాత అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "అంటే తోక ముంచింది రుచికి గాదన్నట్టు. గుడ్లు వెట్టిందన్నట్టు. నా నీళ్లు మంచియని నమ్మి పిల్లల్ని ఇడిచిపోతే, ఇన్నేండ్లు నేను కోళ్లకేసిన. గిప్పుడు మందు వోసిన." నాకు ఏడుపొచ్చింది. దెబ్బల భయమో, తాత గొంతు అట్లా వినడమో తెలియదు. ఆయన తడి చెయ్యి నా నెత్తి మీద పెట్టి, "నువ్వెందుకేడుస్తవ్? నువ్వు దాసినవ్, నేను సంపిన. ఏడిస్తే నేనేడ్వాలె" అన్నాడు. అవ్వ వెనకే నిలబడి ఉంది. ఉప్పు సంగతి అడగలేదు. ఆమె వేళాకోళం చేయకపోవడం నేను చూడటం అదే మొదలు.

కానీ అవ్వ అట్లా నిలబడిపోయే మనిషి కాదు. చేపపిల్లలు తేలుతున్నాయి, తాతేమో తత్వంలో పడ్డాడు. దండెం మీది తన పాత నూలుచీర ఒకటి లాగింది. "నీళ్లు వడగట్టనీకె చీర పనికొస్తది గద, పిల్లల్ని దాయనీకె పనికిరాదా? నీ తూనీగ పిల్లలు బయటుంటయ్, చేపపిల్లలు లోపలుంటయ్. ఎవలిల్లు వాళ్లది" అంది. చీర మడిచి మూడు వైపులా కుట్టి సంచీ చేసింది. పెద్ద కుంటలో, తూనీగలు ఇంకా తిరుగుతున్న తుంగ వైపు నాలుగు గుంజలు పాతి సంచీ మూలలు కట్టారు. నీళ్లు వస్తాయి పోతాయి, పురుగు లోపలికి రాలేదు. కొన్ని పిల్లలు చచ్చాయి, చాలావరకు బతికాయి. వేలెడంత అయ్యాక సంచీ విప్పేశారు. అప్పటి నుంచి ఏటేటా ఒక పాతచీర చేపలది. ఒక ఏడు ఖాలా పెళ్లినాటి పచ్చ దుపట్టా కూడా ఇచ్చింది. రంగురంగుల సంచీలతో కుంట జాతరలా ఉండేది.

ఆ పుల్ల మీది గుల్ల నేను తాతకే ఇచ్చాను. ఆయన దాన్ని అవ్వ ఖాళీ జర్దా డబ్బాలో వేయడం చూశాను. తర్వాత ఎప్పుడో పారేసి ఉంటాడనుకున్నాను.

ఈ కథంతా సత్తయ్యకు పులుసు తింటూ చెప్పాను. వాడు వింటున్నంతసేపూ ముల్లు ఏరుతూనే ఉన్నాడు. నాకు మా తమ్ముడంటే ప్రాణం. కానీ ఒక మాట ఒప్పుకోవాలంటే వాడికి చేపకన్నా ఎక్కువ ముళ్లు. "అక్కా, తాత జమాన వేరు. గప్పుడు కుంట కుంటలెక్క ఉండె. గిప్పుడు ఒక దిక్కు ప్లాట్ల రాళ్లు, ఒక దిక్కు మోరీ నీళ్లు. గీండ్ల తూనీగ పిల్లలేడికెల్లి వస్తయ్? ఎగిరేటియి ఏడికెల్లో వచ్చి పోతయ్. ఉన్నయన్నీ ఖరాబ్ పురుగులే" అన్నాడు. వాడు చెప్పినదాంట్లో సగం నిజం. నా చిన్నప్పుడు సూదిలా సన్నని నీలిరంగువి, పసుపు పట్టీలవి, రెక్కల్లో మచ్చలున్నవి ఎన్నో రకాలుండేవి, లెక్కపెట్టే ఓపిక ఉండేది కాదు. ఇప్పుడు సాయంత్రం గట్టు మీద నిలబడితే ఎక్కువగా కనపడేవి ఆ ఎర్రవే, ఎలాంటి నీళ్లకైనా సర్దుకుపోయే మొండివి. బళ్లో ముప్పై ఏళ్లకు పైగా సైన్స్ చెప్పాను. నీళ్ల ఆరోగ్యం చెప్పే జీవుల పాఠం వచ్చినప్పుడల్లా తూనీగ బొమ్మ వేసేదాన్ని. నల్లబల్ల మీద బొమ్మలు వేస్తూ ఉంటే, మా ఇంటి వెనక నీళ్లలో రకాలు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. నాకు సిగ్గేసింది.

అప్పుడు పద్మ అడిగింది, "మరి డబ్బాల గిన్ని ఎందుకున్నయ్ వదినా? మీరిచ్చింది ఒక్కటేనంటిరి."

సత్తయ్య నమలడం ఆపాడు. "తాత ఏటేటా తొలివానలకు పొద్దుపొద్దున గట్టెంబడి వంగి వంగి తిరుగుతుండె. నడుం వట్టుకపోయిందని అవ్వ ఆముదం రాస్తుండె" అన్నాడు.

నాకు అప్పుడు తెలిసింది. నడుము నొప్పి కాదు. ఆ ముసలాయన తుంగ కాడల మీద గుల్లల కోసం వెతికేవాడు. తోక ముంచినవాటిని నమ్మడం మానేశాడు. అవి దారిన పోయేవి కూడా కావచ్చు. పిల్ల ఆ నీళ్లలోనే పెరిగి, గుల్ల విడిచి ఎగిరిపోయిందంటేనే నీళ్లు బతికున్నట్టు. అది దొరికాకే చేపపిల్లలను దింపేవాడన్నమాట. ఎవరికీ చెప్పలేదు. చేసిన తప్పు ఒప్పుకోవడం కన్నా అవ్వతో ఆముదం రాయించుకోవడమే ఆయనకు సుఖం అనిపించి ఉంటుంది. నేను నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

"రేపు పొద్దున వెతుకుదాం. ఒక్కటి దొరికినా మందు పోయొద్దు. దొరక్కపోతే నీ ఇష్టం" అన్నాను. సత్తయ్య ఒప్పుకున్నాడు, దొరకదన్న ధీమాతో. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. నా ధీమా వాడిదంత గట్టిది కాదు.

చర్చి గంట కొట్టేసరికి ముగ్గురం గట్టు మీదున్నాం. సత్తయ్య సీసా వెంటే తెచ్చుకున్నాడు. మురుగు మోరీ వైపు నురుగు, ప్లాస్టిక్ కవర్లు తప్ప ఏమీ లేవు. గుర్రపుడెక్క ఆకులు తిప్పి తిప్పి చూశాను. కొత్త కళ్లజోడు కూడా ఏమీ సాయం చేయలేదు. తుంగ మిగిలింది అవతలి మూలన కాస్తంతే. మోకాళ్లు నొప్పి, నడుము నొప్పి, తాతది నటనేమీ కాకపోవచ్చని కూడా అనిపించింది. ఎండెక్కుతోంది. ఇక మాట ప్రకారం వదిలేద్దామని నడుము ఎత్తాను. సత్తయ్య కనపడలేదు. చూస్తే ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి తుంగలో ఉన్నాడు, సీసా గట్టు మీదే ఉంది.

"అక్కా," అన్నాడు మెల్లగా, అరిస్తే ఎగిరిపోతుందేమో అన్నట్టు. "జర ఇట్రా."

తుంగ కాడ మీద గుల్ల ఉంది. ఇంకా తడి ఆరలేదు. పక్క కాడకు ఇంకొకటి, చిన్నది. సత్తయ్య దాన్ని తెంపలేదు, వేలితో తాకి చూశాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ముఖంలో చడ్డీ పట్టుకుని తిరిగిన పిల్లగాడు కనపడ్డాడు. "గీ మోరీ నీళ్లల్ల సుత బతికినయ్ సూడక్కా" అన్నాడు. గట్టెక్కి, సీసా తీసి మూత ఇంకోసారి బిగించి, పద్మ చేతికిచ్చాడు. దుకాణంవాడు వాపసు తీసుకోకపోతే కొట్లాడతానన్నాడు. వాడు కొట్లాడతాడు, నాకు అనుమానం లేదు.

ఇంటికొచ్చాక అసలు పరేషాన్ మొదలైంది. చేపపిల్లలు మర్నాడే వస్తున్నాయి, పద్మ బీరువాలో ఒక్క నూలుచీర లేదు. అన్నీ జారుడు చీరలే. చెంబుతో నీళ్లు పోసి చూస్తే చుక్క దిగలేదు. ఇద్దరూ నా సంచి వంక చూశారు. అందులో ఉన్నది నేను రిటైరైన రోజు బడివాళ్లు కప్పిన నేతచీర, ఆకుపచ్చకు మెరూన్ అంచు. చుట్టాలింటికి పోయేటప్పుడు మాత్రమే కడతాను.

"మంచిది గద వదినా, ఖరాబైతది" అంది పద్మ, చేయి మాత్రం అప్పటికే చాచి.

మర్నాడు మధ్యాహ్నానికి నా రిటైర్మెంట్ తుంగకుంటలో నాలుగు గుంజల మధ్య వేలాడుతూ, చేపపిల్లలతో నిండి ఉంది. గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. ఎర్ర తూనీగ ఒకటి వచ్చి చీర అంచు పక్కనే తోక ముంచింది, లేచి మళ్లీ ముంచింది. అదేం చేస్తోందో ఇద్దరికీ తెలుసు.

"రుచి జూస్తుందక్కా" అన్నాడు సత్తయ్య.

"ఏమంటుందిరా, ఉప్పు సరిపోయిందట్నా?"

వాడు తాతలాగే ఏమాత్రం నవ్వకుండా నీళ్ల వంక చూశాడు. "జర తక్కువైందట" అన్నాడు.